దించని కుర్చీ

సికిందరాబాద్‌లో సంఘాలకు కరువు లేదు. నలుగురు ఒకచోట నిలబడితే సంఘం, ఐదోవాడు వచ్చి చేరితే రెండు సంఘాలు. పొద్దున నడిచేవాళ్లకు ఒకటుంది, నడవకుండా నడక గురించి మాట్లాడేవాళ్లకు ఇంకొకటుంది. కార్ఖానా ప్రాంతంలో సుబ్బరాజుగారనే కోస్తా పెద్దమనిషి పెట్టిన నడక సంఘంలో నడక అరగంట, ఇడ్లీలు గంటన్నర అని లోకం కోడై కూస్తుంది. లాలాగూడ రైల్వే కాలనీలో క్రిస్మస్ పాటల బృందం ఉంది, దానికే ఎండాకాలంలో రైలు కిటికీల దగ్గర మంచినీళ్లు అందించే పని కూడా ఉంది. పాడే గొంతు లేనివాళ్లు నీళ్లకు పోతారు, అదీ లెక్క.

ఇన్ని ఉన్నా, మనిషిని భుజాన మోయడానికే పుట్టిన సంఘం మాత్రం ఒక్కటే. అది బోయిగూడలో ఉంది. కాగితాల మీద దాని పేరు శ్రీ గజానన యువజన సేవా సంఘం. ఆ పేరు చెప్పి దారి అడిగితే గల్లీలో పుట్టి పెరిగినవాడు కూడా బుర్ర గోక్కుంటాడు. కుర్చీ సంఘం అంటే పాలపిల్లాడు వేలు పెట్టి చూపిస్తాడు.

కథ క్యారమ్ బోర్డుతో మొదలైంది. డెబ్బై ఆరులో కుర్రాళ్లు చందాలేసి వినాయకుణ్ని పెట్టారు, మిగిలిన డబ్బుతో బోర్డు కొన్నారు. నెల తిరక్కుండానే గల్లీ చివర ఉండే ముసలాయన మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అది రెండు బర్రెలు ఎదురైతే ఒకటి వెనక్కి నడవాల్సిన గల్లీ. ఆటో రాదు, రిక్షా రాదు. ఆటలో ఉన్న నలుగురు కుర్రాళ్లు బిళ్లలు దులిపేసి, ముసలాయన్ని బోర్డు మీద కూర్చోబెట్టి, మూలకొకరు పట్టుకుని రోడ్డు దాకా మోశారు. ముసలాయన బతికాడు. బోర్డు మాత్రం వంగిపోయింది, ఆ తర్వాత స్ట్రైకర్ ఎటు కొట్టినా నడుమకే వచ్చేది.

ఆ నలుగురిలో ఒకడు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ఇవాళ ఆయనకు పిల్లలు ముగ్గురు, మనుమలు నలుగురు. వడ్రంగుల ఇంటి పిల్లవాడు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు కొలత తప్పు చెప్పాడని తగాదా పడి బడి మానేశాడు. తప్పు సారుదేనని ఆయన నేటికీ అంటాడు. బోర్డు వంగిన వారం లోపలే తండ్రి దుకాణంలో మిగిలిన టేకు ముక్కలతో ఒక కుర్చీ చేశాడు. దానికి రెండు పక్కలా ఇనుప కడియాలు, కడియాల్లో దూర్చడానికి రెండు వెదురు బొంగులు, మనిషి జారిపోకుండా నడుముకు తోలు పట్టా. నలుగురు భుజాన ఎత్తుకుంటే రోగి రాజులా కూర్చుని పోతాడు.

యాభై ఏళ్లలో ఆ కుర్చీ మీద పోని మనిషి లేడు. నొప్పులు పడే ఆడవాళ్లు పోయారు, పాము కరిచిందని అరిచి చివరకు తేలు అని తేలినవాడు పోయాడు. ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చే రోజులు వచ్చాయి. వచ్చినా ఏం లాభం, అది రోడ్డు మీద ఆగి హారన్ కొడుతుంది, గల్లీ లోపలి నుంచి కుర్చీ రావాల్సిందే. కరోనా ఏడాది ఆక్సిజన్ సిలిండర్ని కూర్చోబెట్టి, తోలు పట్టా కట్టి, ఇల్లిల్లూ తిప్పారు.

సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. కుర్చీని నడిదారిలో కింద పెట్టకూడదు. పాడె మోసేవాళ్లు దారిలో ఒకచోట దాన్ని దించుతారు, పోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేస్తారేమోనని ఆఖరి ఆశ. దాన్నే దింపుడు కళ్లం అంటారు. బతికున్న మనిషిని మోస్తూ అట్లా దించితే, చావును చేయిపట్టి పిలిచినట్టే కదా. అందుకని దించడం మాట అటుంచి, ‘దించు’ అన్న మాట కూడా కుర్చీ దగ్గర నోట రాకూడదు. ముందు కుడివైపు మోసేవాడు కేకలు వేస్తాడు. మురుగు కాలువ వస్తే ‘మోరీ’ అంటాడు, మలుపు వస్తే ‘మలుపు’ అంటాడు. భుజం అలిసినవాడికి పక్కన నడిచేవాడు ఆసరా వచ్చేందుకు ‘మార్చు’ అంటాడు. మనిషి మారాలి గాని నడక ఆగకూడదు. ముందు కుడి చోటు బ్రహ్మచారిది. ముప్పై ఏళ్లు ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు, మోకాళ్లు అడిగాక ఇచ్చాడు.

ఇప్పుడు సంఘానికి యాభై నిండాయి. పుస్తకం వేయాలని తీర్మానం చేశారు. రాసే పని హిమజకు పడింది. మొదటి నలుగురిలో ఒకడైన హరికిషన్ మనుమరాలు ఆమె, చరిత్రలో ఎమ్మే చదివింది. పుస్తకానికి ‘దించని కుర్చీ’ అని పేరు పెట్టారు, అట్ట బొమ్మ కూడా తయారైంది. సంఘంలో ఎవరికీ దాని మీద పేచీ లేదు. పేచీ అంతా హిమజ పెట్టిన నియమం మీదే.

“తాతా, ఒక్కరు చెప్తే ముచ్చట. ఇద్దరు చెప్తే చరిత్ర. చూసినోళ్లు ఇద్దరు లేకుంటే నేను రాయ,” అంది.

ఈ నియమం బ్రహ్మచారి నెత్తిన పిడుగులా పడింది. ఎందుకంటే గప్పాలు కొట్టడంలో ఆయనకు సాటి బోయిగూడలో లేడు, ముషీరాబాద్ దాకా వెతికినా దొరకడు. పహిల్వాన్‌ని మోస్తుంటే గల్లీ అరడుగు కుంగి మోరీ నీళ్లు ఎదురు పారాయని చెబుతాడు. పెళ్లికొడుకు గుర్రం బెదిరితే కుర్చీ మీద ఊరేగించామని, గుర్రం సిగ్గుపడి వెనకాల నడిచి వచ్చిందని చెబుతాడు. వినేవాళ్లు నవ్వుతారు, మళ్లీ చెప్పమంటారు, చాయ్ తెప్పిస్తారు. హిమజ కూడా నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్కదాన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసింది. గుర్రానికి సాక్షి ఎవరని అడిగితే, గుర్రమే అన్నాడాయన.

చివరికి లెక్క చూస్తే, కుర్చీ చేసినవాడిగా ఒక వాక్యంలో ఆయన పేరుంది. మోసిన ముచ్చట్లన్నీ గప్పాలై కొట్టుకుపోయాయి, మోసినవాడిగా ఎక్కడా లేదు. ఆక్సిజన్ సిలిండర్‌కు పేజీన్నర దొరికింది. బ్రహ్మచారి రాతప్రతిని మొదటి నుంచి రెండుసార్లు తిరగేశాడు. ముప్పై ఏళ్లు ముందు కుడి చోట నడిచిన మనిషి, రేపు మనుమలు పుస్తకం తిరగేస్తే ఎక్కడా కనిపించడు.

“విమలక్క ముచ్చట రాయి బిడ్డా. అది సుత అబద్ధమంటవా?”

ఎనభై తొమ్మిది శ్రావణంలో జరిగిన సంగతి అది. గల్లీలో ఉండే విమలమ్మ మూడు రోజుల జ్వరంతో స్పృహ తప్పింది. వాన కుండపోతగా కురుస్తోంది. నలుగురు ఎత్తుకున్నారు. దారిలో దుర్గేష్ మోరీలో కాలు జారి మడమ బెణికించుకుని అక్కడే కూలబడ్డాడు. బ్రహ్మచారి చెప్పే ప్రకారం, ఆయనే రెండు భుజాల మీద రెండు బొంగులు ఎత్తుకుని, విమలమ్మ తడవకుండా గొడుగును పళ్లతో పట్టుకుని, ఆసుపత్రి దాకా పరుగు తీశాడు.

హిమజ గొడుగును అప్పుడే కొట్టేసింది. మిగతాదానికి సాక్షి కావాలంది. మిగిలిన ఇద్దరు మోతగాళ్లు కిషన్, హరికిషన్ అన్నదమ్ములు, ఇద్దరూ పోయారు. దుర్గేష్ మోరీ దగ్గరే ఉండిపోయాడు, ఆ కుండపోతలో తర్వాతిది ఏదీ చూడలేదు. విమలమ్మ స్పృహలో లేదు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే బ్రహ్మచారి తల అడ్డంగా ఊపబోయి ఆగిపోయాడు.

ఉన్నాడు. లాలాగూడ జెరెమియా ఉన్నాడు.

ఇది బ్రహ్మచారి ముప్పై ఏడేళ్లు కడుపులో దాచుకున్న మాట. దుర్గేష్ పడిపోయినప్పుడు రైల్వే వర్క్‌షాప్ ఫిట్టర్ ఒకడు డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు. అతడు సైకిల్‌ని గోడకు విసిరేసి, ఎవరు ఎవరన్నది అడగకుండా వచ్చి బొంగు కింద భుజం పెట్టాడు. అతడే జెరెమియా. కాని ప్రతి ఏడూ తాడు లాగుడు పోటీలో బోయిగూడకు ఎదురు నిలబడేది లాలాగూడవాళ్లు. మా కుర్చీని లాలాగూడవాడు మోశాడని ఎట్లా చెప్పుకోవడం? అందుకే కథలో నుంచి అతణ్ని దించేసి ఆ చోట తన రెండో భుజం పెట్టుకున్నాడు.

అదైనా చిన్నదే. అసలు తంటా ఇంకొకటి. ఆ వానలో, చివరి మలుపు దగ్గర, కుర్చీ కిందికి దిగింది. యాభై ఏళ్లలో ఒకే ఒక్కసారి. జెరెమియాను సాక్షిగా పిలిస్తే ఆ సంగతి బయటపడుతుంది. పిలవకపోతే బ్రహ్మచారి పుస్తకంలోనే ఉండడు.

రెండు రోజులు ఆలోచించి, ఉస్మానియా బిస్కట్లు కట్టించుకుని, లాలాగూడ పోయాడు. మోసినట్టు చెప్పు, దించినట్టు చెప్పకు అని బతిమాలుకుందామని ఆయన ఉద్దేశం. దారి పొడవునా మాటలు పేర్చుకున్నాడు.

జెరెమియాకు డెబ్బై దాటాయి, రిటైరై సొంత ఇంట్లో ఉంటున్నాడు. ముందుగదిలో గోడకు ఒక చిన్న టేకు పీట కొట్టి ఉంది, దాని మీద బైబిలు, బీపీ మాత్రలు. బ్రహ్మచారి ఆ పీటను గుర్తుపట్టాడు. వాన వెలిసిన మర్నాడు సైకిల్ తిరిగి ఇచ్చేటప్పుడు, నోరు మూసుకోవయ్యా అని నోటితో అనలేక, తానే చేసి బిగించిన క్యారియర్ అది. సైకిల్ పోయింది, క్యారియర్ గోడెక్కింది.

పుస్తకానికి సాక్షి కావాలన్నంత వరకే చెప్పాడు, జెరెమియా చాయ్ కప్పు దగ్గరికి లాక్కున్నాడు. బిస్కట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోతే చెంచాతో తీసుకున్నాడు.

“చారీ, నేనే నీ తానికి వద్దామనుకున్న మస్తు సార్లు. మొఖం చెల్లలె. ఆ పొద్దు కుర్చీ దించింది నేను. నువ్వు ‘మార్చు’ అన్నవ్. వర్క్‌షాపుల సుత్తె దెబ్బలకు నా చెవులు అప్పటికే సగం పోయినయ్. నాకు ‘దించు’ అన్నట్టు ఇనబడ్డది. మీ ఆచారం నాకు తర్వాత తెలిసింది. ఇంత తప్పు చేసినా నువ్వు ఒక్క మాట అనకుంట, సైకిల్‌కు క్యారియర్ బిగించి ఇచ్చినవ్.”

బోయిగూడలో ఎవరికైనా చెబితే నమ్మరు, బ్రహ్మచారి ఒక్క గప్పం కూడా కొట్టకుండా బిస్కట్ల కాగితం మడతలు పెడుతూ కూర్చున్నాడు. జెరెమియా ఇంకా ఒక మాట అన్నాడు. తప్పు తనదని రాయించుకుంటాడట, సంఘానికి మచ్చ రాదట, బయటివాడు తెలియక దించాడని ఉంటుందట. ఆదివారం ప్రార్థన అయిపోగానే వస్తానన్నాడు.

పేర్చుకుని వచ్చిన మాటలు వేటికీ పని పడలేదు. అడగకుండానే అన్నీ అమిరాయి. పుస్తకంలో పేరు ఉంటుంది, ముందు కుడి చోటు ఉంటుంది, అట్ట మీది పేరు కూడా దాదాపు నిలబడుతుంది. బ్రహ్మచారి ఎగిరి గంతేయాలి. కాని ఆ సాయంత్రం పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. భార్య కల్పలత చారు పోయబోయి ఆగి చూసింది.

“లేని మాటలు వెయ్యి చెప్పినప్పుడు కడుపు నిండ తిన్నవ్. ఇయ్యాల ఉన్న మాట ఏదో దాచినట్టున్నవ్,” అంది.

దాచింది ఇది. జెరెమియా చెవులు ఆ రోజు భేషుగ్గానే విన్నాయి. ‘దించు’ అన్నది బ్రహ్మచారే. దారిలో రెండుసార్లు కిషన్ చోటు మారుదామని అడిగాడు. ముందు కుడి చోటు వదిలితే పరువు పోతుందని ఈయన మారలేదు. చివరి మలుపులో భుజం చచ్చుబడింది, కళ్లకు చీకట్లు కమ్మాయి, నోరు తనంతట తానే ‘దించు’ అంది. కుర్చీ దిగింది. విమలమ్మ తల వాలిపోయి ఉంది. దింపుడు కళ్లమే అయిపోయిందని బ్రహ్మచారి భయపడ్డాడు. ఏం చేయాలో తోచక, పెద్దవాళ్లు పాడె దగ్గర చేసేదే చేశాడు. చెవి దగ్గర నోరు పెట్టి, “విమలక్కా” అని మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకు ఆమె కళ్లు తెరిచింది. ఏదో గొణిగింది. అంతే, నలుగురూ మళ్లీ ఎత్తుకుని ఆసుపత్రికి పరుగు తీశారు. నాలుగు రోజుల గ్లూకోజుతో విమలమ్మ తిరిగి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఎవరికీ చెప్పబోమని మాటిచ్చారు, ఆ మాట పైకి తీసుకుపోయారు.

ఇంత గొప్ప ముచ్చట, ఒక్క అబద్ధమూ కలపనక్కర్లేని ముచ్చట, ఒకే ఒక్క మాట దాచడం కోసం ఆయన ముప్పై ఏడేళ్లు గొడుగులతోను పళ్లతోను కప్పిపెట్టాడు.

ఆదివారం పదకొండున్నరకు జెరెమియా వచ్చాడు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. సంఘం గది అంటే క్యారమ్ బోర్డు, గోడకు వేలాడే కుర్చీ, పది మంది పట్టే చాప. ఆ రోజు పాతిక మంది ఉన్నారు. ఎదురింటి గడప మీద విమలమ్మ మెంతికూర తుంచుతూ కూర్చుంది. ఆమెకు ఎనభై నాలుగు, గల్లీలో ఏ ఇంట్లో ఏం వండారో గడప దిగకుండా చెబుతుంది.

హిమజ ఫోన్‌లో రికార్డు పెట్టింది. జెరెమియా వాన చెప్పాడు, మోరీ చెప్పాడు, సైకిల్ చెప్పాడు. లాలాగూడవాడు మోశాడని విని కుర్రాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, ఎవడో వెనక నుంచి తాడు లాగుడు అని సణిగి నవ్వాడు. జెరెమియా గొంతు సవరించుకుని, “ఇగ అసలు తప్పు నాది బిడ్డా,” అని మొదలుపెట్టాడు.

బ్రహ్మచారి గోడకున్న కుర్చీ వంక చూశాడు. తాను పదిహేడేళ్లప్పుడు చిత్రిక పట్టిన కుర్చీ. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, అంతా అయిపోతుంది. ఊరుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

“ఆపు బిడ్డా, ఆయన చెప్పేది రాయకు. ఆయన చెవులు మంచిగనే ఇన్నయ్. ‘దించు’ అన్నది నేనే. భుజం మార్చమని కిషన్ రెండుసార్లు అడిగిండు, నేనే ఇయ్యలే. నా పొగరుకు కుర్చీ దిగింది.”

ఒక కుర్రాడు, గప్పాలు వినీ వినీ ఆరితేరినవాడు, ఇది కూడా గప్పమేనా అని పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడు కాదన్నట్టు తల ఊపాడు. హిమజ కళ్లు అట్ట బొమ్మ మీద ఉన్నాయి. దాని మీద పెద్ద అక్షరాల్లో ‘దించని కుర్చీ’ అని ఉంది.

అప్పుడు ఎదురింటి గడప మీద నుంచి విమలమ్మ, చేతిలో మెంతికాడతో సహా, మాట కలిపింది.

“దించకపోతే నేనెట్ల లేద్దునురా? గల్లీ పొడుగు ఊపుడే ఊపుడు, కండ్లు తెరుద్దామంటే తిరుగుతున్నయ్. జెర కింద పెట్టినంక పాణం కుదుటపడ్డది. ఇంతల వీడు చెవిల నోరు పెట్టి ఒర్లిండు. నేనేమన్న చెవిటిదాన్నా అని తిట్టిన గూడ. యాది లేదా చారీ?”

ముప్పై ఏడేళ్ల కింద ఆమె గొణిగింది ఏమిటో బ్రహ్మచారికి ఇన్నాళ్లకు తెలిసింది. ఆయన ఆ గొణుగుడును దీవెన అనుకున్నాడు.

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని హిమజ అడిగింది.

“గొడుగు పండ్లతోని పట్టుకున్న అని వీడు చెప్తుంటే మంచిగుండె బిడ్డా. నా కోసం ఎవడన్న అంత చేసిండంటే నాకు సుత ఖుషీయే గద. అందుకే ఊకున్న,” అంది విమలమ్మ, మళ్లీ కూరలో పడిపోయింది.

ముందు జెరెమియాకు నవ్వు వచ్చింది. తన చెవులను ముప్పై ఏడేళ్లు తిట్టుకున్న మనిషి, ఆ చెవులు రెండూ పట్టుకుని భుజాలు ఊగేటట్టు నవ్వాడు. నీ వల్ల నేను ఇద్దరు చెవి డాక్టర్ల చుట్టూ తిరిగానని బ్రహ్మచారిని తిట్టాడు. బ్రహ్మచారి క్యారియర్ తిరిగి ఇచ్చేయమన్నాడు. బైబిలు కింద పెట్టలేను, ఇవ్వనన్నాడు జెరెమియా.

పుస్తకం పేరు మార్చాలా వద్దా అని సంఘం సాయంత్రం దాకా కొట్టుకుంది. చివరకు పేరు అదే ఉంచారు, కింద చిన్న అక్షరాల్లో ‘ఒక్కసారి తప్ప’ అని చేర్చారు. అచ్చులో అట్ట ముద్దుగా వచ్చింది. పదకొండో పేజీలో ఆ నలుగురి చోట్లు వరసగా ఉన్నాయి. ముందు కుడి బ్రహ్మచారి, వెనక ఎడమ జెరెమియా, లాలాగూడ. మనుమలు ఆ పేజీకి నెమలీక పెట్టుకున్నారు. ఆ ఏడు తాడు లాగుడులో రెండు సంఘాలూ ఒకే వైపు నిలబడ్డాయి. ఎదురు లాగడానికి కార్ఖానా నడక సంఘాన్ని పిలిచారు, వాళ్లు ఇడ్లీలు తిని వచ్చి గెలిచిపోయారు.

ఇప్పుడు జెరెమియా ప్రతి ఆదివారం బోయిగూడ వస్తున్నాడు. మొన్న ఆదివారం బ్రహ్మచారి కొత్త కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని విమలమ్మ ముచ్చట ఎత్తుకున్నాడు. వాన అప్పటికే నడుముల దాకా పెరిగింది, జెరెమియా సైకిల్‌ని నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. పక్కనే చాయ్ తాగుతున్న జెరెమియా, నడుములు కాదు, గొంతు దాకా అని సవరించాడు. గొడుగు మళ్లీ పళ్ల మధ్యకు వచ్చింది. జెరెమియా అవునన్నాడు, తాను కళ్లారా చూశానన్నాడు.

మూలన కూర్చుని రెండో ముద్రణకు తప్పులు దిద్దుకుంటున్న హిమజ తల ఎత్తింది.

“ఇద్దరం చెప్తున్నం బిడ్డా,” అన్నాడు బ్రహ్మచారి. “రాసుకో.”